చిన్న ద్రవ కొలతల మార్పిడి: మిల్లీలీటరు, చెంచా, కప్పు

నిర్వచనం, పరిధి

వంటలోనూ ఇంట్లో మందులు వేసుకునేటప్పుడూ వాడే చెంచా, కప్పు, ఔన్సు, చుక్క, గిద్ద వంటి కొలతలను లీటరు లెక్కలోకి, లీటరు లెక్కను తిరిగి ఆ కొలతల్లోకి తేవడమే చిన్న ద్రవ కొలతల మార్పిడి. ఈ వ్యాసం ఒక చుక్క మొదలు సుమారు అర లీటరు దాకా ఉండే పరిమాణాలకు పరిమితం. (పెద్ద కొలతలకు చూ. లీటరు, తూము, పుట్టి.)

మెట్రిక్ పద్ధతిలో ఈ పరిధికి మూల ప్రమాణం మిల్లీలీటరు. లీటరులో వెయ్యో వంతు ఇది. ప్రతి భుజమూ ఒక సెంటీమీటరు ఉన్న ఘనంలో సరిగ్గా ఇంతే ద్రవం పడుతుంది. అందుకే ఘన సెంటీమీటరు, వాడుకలోని సీసీ, మిల్లీలీటరు మూడూ ఒకటే. పది మిల్లీలీటర్లు ఒక సెంటీలీటరు, వంద మిల్లీలీటర్లు ఒక డెసిలీటరు. ఈ రెండూ యూరప్ వంట పుస్తకాల్లో తరచుగా కనిపిస్తాయి. మన దగ్గర డెసిలీటరు రక్తపరీక్ష కాగితాల్లోనే ఎదురవుతుంది.

వంటింటి కొలతల్లో కొన్నిటికి చట్టమో ప్రమాణ సంస్థో విలువ కట్టింది. మిగిలినవి పాత్ర పేరుతోనే చలామణీ అయ్యేవి: గ్లాసు, గరిటె, ముంత, ఉద్ధరిణి. విలువ కట్టిన వాటిలోనూ ఒకే పేరుకు దేశానికో విలువ ఉంది. కాబట్టి చెంచాలను మిల్లీలీటర్లలోకి మార్చే ముందు అది ఏ దేశపు, ఏ ప్రమాణపు చెంచానో తేల్చుకోవాలి. గుణకారం ఆ తరవాతి పని. ఈ రంగంలో జరిగే పొరపాట్లు చాలావరకు లెక్కలో కాక ఈ మొదటి మెట్టు దగ్గరే జరుగుతాయి.

లీటరు చరిత్ర

ఫ్రెంచి విప్లవ కాలంలో, 1795 ఏప్రిల్ 7న చేసిన చట్టం లీటరును ఒక ఘన డెసిమీటరుగా నిర్వచించింది. 1901లో తూనికలు, కొలతల మూడవ సార్వత్రిక సదస్సు ఈ నిర్వచనాన్ని మార్చింది. సాధారణ వాతావరణ పీడనం వద్ద, అత్యధిక సాంద్రతలో ఉన్న ఒక కిలోగ్రాము స్వచ్ఛమైన నీరు ఆక్రమించే స్థలాన్ని లీటరు అన్నది. ఆ లీటరు ఘన డెసిమీటరు కన్నా రవ్వంత పెద్దదని, దాని విలువ 1.000028 ఘన డెసిమీటర్లని తరవాత తేలింది. వంటకు ఈ తేడా లెక్కలోకి రాదు గానీ ప్రయోగశాలల్లో మిల్లీలీటరు, ఘన సెంటీమీటరు వేరు వేరుగా రాయాల్సి వచ్చింది. 1964లో పన్నెండవ సదస్సు పాత నిర్వచనాన్నే పునరుద్ధరించింది. రెండూ ఒకటేనని ఇప్పుడు నిస్సంకోచంగా చెప్పగలగడానికి ఆధారం ఆ తీర్మానమే.

భారతదేశంలో 1956 నాటి తూనికలు, కొలతల ప్రమాణాల చట్టంతో మెట్రిక్ పద్ధతి చట్టబద్ధమై, 1958 అక్టోబరు నుంచి దశలవారీగా అమల్లోకి వచ్చింది. దాని స్థానంలో 1976 చట్టం, ఆ తరవాత 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం వచ్చాయి. అమ్మకంలో, ప్యాకెట్ల మీద మెట్రిక్ ప్రమాణాలే వాడాలి. పాలు, నూనె పోసే దుకాణాల్లో తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న లీటరు, 500, 200, 100, 50 మి.లీ. కొలపాత్రలు ఈ చట్టాల ఫలితమే. ఇంటి లోపల ఎవరు దేనితో కొలుచుకోవాలో మాత్రం ఏ చట్టమూ చెప్పలేదు. అందుకే పాత కొలతలు అంగడిలో కనుమరుగైనా వంటింట్లో నిలిచాయి.

ఔన్సు, చెంచా, చుక్కల చరిత్ర

ఇంగ్లండులో ఒకప్పుడు వైన్‌కు, బీరుకు, ధాన్యానికి వేరు వేరు గ్యాలన్లు ఉండేవి. అమెరికా వలసలు అందులో 231 ఘన అంగుళాల వైన్ గ్యాలన్‌ను తీసుకున్నాయి, స్వాతంత్ర్యం తరవాతా దాన్నే ఉంచుకున్నాయి. బ్రిటన్ 1824లో పాత గ్యాలన్లన్నిటినీ రద్దు చేసి, 62 డిగ్రీల ఫారన్‌హీట్ వద్ద పది పౌండ్ల నీరు పట్టే ఇంపీరియల్ గ్యాలన్‌ను తెచ్చింది. దాన్ని 160 భాగాలు చేస్తే వచ్చేది ఇంపీరియల్ ద్రవ ఔన్సు. అంత నీరు సరిగ్గా ఒక ఔన్సు బరువు తూగేలా ఈ విభజన చేశారు. అమెరికా ద్రవ ఔన్సు వైన్ గ్యాలన్‌లో 128వ వంతు. రెండు దేశాల ఔన్సులు, పైంట్లు పేరులో కలిసి విలువలో విడిపోవడానికి కారణం ఇది. ఇంపీరియల్ ఔన్సు 28.41 మి.లీ., అమెరికా ఔన్సు 29.57 మి.లీ. ఇంపీరియల్ పైంటులో 20 ఔన్సులు, అమెరికా పైంటులో 16 ఔన్సులు ఉంటాయి. అందుకే ఔన్సు దగ్గర అమెరికాది నాలుగు శాతం పెద్దదైనా, పైంటు దగ్గరికి వచ్చేసరికి బ్రిటన్‌ది (568 మి.లీ.) అమెరికా దాని (473 మి.లీ.) కన్నా 20 శాతం పెద్దదవుతుంది.

మందులు నూరి అమ్మే ఇంగ్లిషు వైద్యులు టీ చెంచాను ఒక ద్రవ డ్రామ్‌గా, అంటే ఔన్సులో ఎనిమిదో వంతుగా లెక్కించేవారు. ఆ లెక్కన చెంచా నాలుగు మిల్లీలీటర్లకు లోపే. వాడుకలో చెంచాలు పెద్దవవుతూ రావడంతో ఔన్సులో ఆరో వంతు లెక్క స్థిరపడింది. నేటి అయిదు మిల్లీలీటర్ల చెంచాకు దగ్గరి పూర్వరూపం ఈ రెండో లెక్కే. డ్రామ్ కన్నా చిన్న మోతాదులను చుక్కల్లో చెప్పేవారు. చుక్క సైజు సీసా మూతిని బట్టి, ద్రవాన్ని బట్టి మారిపోతుంది కాబట్టి, లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 1809 నాటి తమ ఔషధ గ్రంథంలో దానికి బదులు మినిమ్ అనే నిర్ణీత ప్రమాణాన్ని ప్రవేశపెట్టింది. మినిమ్ అంటే ద్రవ డ్రామ్‌లో 60వ వంతు, సుమారు 0.06 మి.లీ.

వంటలో కొలత పట్టింపు ఇంకా ఆలస్యంగా వచ్చింది. అమెరికాలో ఫానీ ఫార్మర్ 1896లో వెలువరించిన బోస్టన్ వంట పాఠశాల పుస్తకం కప్పును, చెంచాను అంచుకు మట్టంగా కొలవాలని పట్టుబట్టింది. టీ తాగే కప్పు, కొలిచే కప్పు వేరని ఇంటింటికీ తెలిసింది ఆ తరం పుస్తకాలతోనే.

తెలుగు నేల కొలతలు

తెలుగు ప్రాంతాల్లో గింజలకూ ద్రవాలకూ ఒకే వరస కొలపాత్రలు వాడారు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఆ పైన అడ్డ, కుంచం, తూము, పుట్టి వస్తాయి. నూనె, నెయ్యి, పాలు, మజ్జిగ వంటివి ఎక్కువగా గిద్ద నుంచి తవ్వ మధ్యలోనే కొలిచేవారు. తెలంగాణలో ఇవే గిద్దెడు, సోలెడు, తవ్వెడు, మానెడు అన్న రూపాల్లో వినిపిస్తాయి. పాత్రతో పని లేని కొలతలూ ఉన్నాయి: చుక్క, గుక్కెడు, పుడిసెడు, దోసెడు. పసిపిల్లలకు పాలు, ఆముదం పట్టడానికి ముక్కు ఉన్న ఉగ్గుగిన్నె ఉండేది. దానికీ నిర్ణీత పరిమాణం లేదు.

ఈ వరసలో నిష్పత్తులు స్థిరం. అసలు పరిమాణం మాత్రం ఊరూరికీ మారేది. జమీందారీ ప్రాంతపు మానిక, పక్క తాలూకా మానిక ఒకటి కానవసరం లేదు. సేరు ఇంకా చిక్కైనది, ఎందుకంటే అది కొన్నిచోట్ల బరువు, కొన్నిచోట్ల పాత్ర కొలత. 80 తులాల ప్రామాణిక సేరు బరువు 933.1 గ్రాములు. పాత్ర సేరుకు ఈ విలువ వర్తించదు. కనుక అమ్మమ్మ చెప్పిన గిద్దెడు నూనె ఇన్ని మిల్లీలీటర్లు అని పుస్తకం చూసి చెప్పడం కుదరదు. ఆ ఇంటి పాత్ర దొరికితే చెప్పవచ్చు. ఒక్క పాత్ర చాలు, మిగిలినవి నిష్పత్తి మీద వస్తాయి. ఉదాహరణకు ఒక ఇంటి సోలలో 300 మి.లీ. నీళ్లు పట్టాయనుకుంటే, ఆ ఇంటి గిద్ద 75 మి.లీ., అంటే అయిదు టేబుల్ చెంచాలు. తవ్వ 600 మి.లీ., మానిక 1,200 మి.లీ. అవుతాయి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటూ ఇంటి పద్ధతిలో ఆవకాయ కలపాలనుకునే తెలుగువారికి ఈ పని నిజంగా ఉపయోగపడుతుంది. పాత సోల ఇత్తడి సామాన్ల మూటలో పోకముందే కొలిచి రాసిపెట్టుకోవడం మంచిది.

ఆయుర్వేదంలో ఇంకో వరస ఉంది. కర్షం 12 గ్రాములుగా, పలం 48 గ్రాములుగా, కుడవం 192 గ్రాములుగా, ప్రస్థం 768 గ్రాములుగా నేటి ఆయుర్వేద ఫార్ములరీ లెక్క కట్టింది. ద్రవాల విషయంలో, కుడవం మొదలు పై కొలతలను రెట్టింపుగా తీసుకోవాలన్న నియమం కూడా ఉంది. పాత యోగాల్లోని నూనెలు, కషాయాల పాళ్లు చదివేటప్పుడు ఈ నియమం తెలియకపోతే ద్రవం సగానికి సగం తగ్గిపోతుంది. (చూ. మాన పరిభాష.)

నేటి ప్రమాణాలు: ఒకే పేరు, వేరు విలువలు

టీ చెంచా విషయంలో ప్రపంచం దాదాపు ఏకమైంది. మెట్రిక్ టీ చెంచా 5 మి.లీ. అమెరికా సంప్రదాయ టీ చెంచా 4.93 మి.లీ. తేడా ఒకటిన్నర శాతం లోపే. ఆహార ప్యాకెట్ల మీది పోషకాల పట్టిక కోసం అమెరికా ప్రభుత్వమే టీ చెంచాను 5, టేబుల్ చెంచాను 15, ద్రవ ఔన్సును 30, కప్పును 240 మి.లీ.గా గుండుగుత్తగా తీసుకుంటుంది.

టేబుల్ చెంచా దగ్గర జాగ్రత్త పడాలి. అమెరికాలో అది 14.79 మి.లీ., బ్రిటన్, కెనడా, భారతదేశాల్లో అమ్మే కొలత చెంచాల్లో 15 మి.లీ. రెండిటా మూడు టీ చెంచాలకు ఒక టేబుల్ చెంచా. ఆస్ట్రేలియా టేబుల్ చెంచా మాత్రం 20 మి.లీ., అంటే నాలుగు టీ చెంచాలు. సిడ్నీలో అచ్చయిన పుస్తకంలో మూడు టేబుల్ చెంచాల నిమ్మరసం అని ఉంటే అది 60 మి.లీ. విజయవాడలో కొన్న చెంచాతో మూడు పోస్తే 45 మి.లీ. మాత్రమే పడుతుంది, పులుపు పావు వంతు తగ్గుతుంది.

కప్పులో తేడాలు ఇంకా ఎక్కువ. అమెరికా కప్పు 236.6 మి.లీ., అందులో 16 టేబుల్ చెంచాలు లేదా 48 టీ చెంచాలు. ఆస్ట్రేలియాలోని మెట్రిక్ కప్పు 250 మి.లీ. జపాను వంటలో కప్పు 200 మి.లీ. పాత బ్రిటిష్ పుస్తకాల్లో అర పైంటు కప్పు 284 మి.లీ. జపానులో బియ్యం కొలిచే ‘గో’ అనే పాత ప్రమాణం 180.39 మి.లీ. జపాను పద్ధతిలో చేసిన రైస్ కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ కప్పు దాన్ని బట్టి 180 మి.లీ. ఉంటుంది. ఆ కుక్కర్ లోపలి గీతలు ఆ కప్పు లెక్కకే గీసినవి. కనుక 240 మి.లీ. కప్పుతో బియ్యం పోసి లోపలి గీత చూసి నీళ్లు పోస్తే, బియ్యానికి నీళ్లు చాలక అన్నం పలుకుగా వస్తుంది. భారతదేశంలో అమ్మే కొలత కప్పుల్లో 240వీ, 250వీ రెండూ ఉన్నాయి. విలువ సాధారణంగా పిడి మీద ముద్రించి ఉంటుంది.

ఔన్సు మన ఇళ్లలో పాలసీసా మీద బతికి ఉంది. దాని మీది గీతలు 30 మి.లీ.కి ఒక ఔన్సుగా గుండ్రం చేసినవి. మద్యం కొలిచే చిన్న పెగ్గు కూడా 30 మి.లీ. అది అమెరికా ద్రవ ఔన్సుకు అతి దగ్గర.

మార్చే విధానం

వంటకు పూర్ణసంఖ్యలే చాలు: టీ చెంచా 5, టేబుల్ చెంచా 15, ఔన్సు 30, అమెరికా కప్పు 240 మి.లీ. చెంచాల సంఖ్యను ఈ విలువతో గుణిస్తే మిల్లీలీటర్లు, మిల్లీలీటర్లను దానితో భాగిస్తే చెంచాలు వస్తాయి. పావు కప్పు 60 మి.లీ., అంటే నాలుగు టేబుల్ చెంచాలు. కప్పులో మూడో వంతు 80 మి.లీ., అంటే అయిదు టేబుల్ చెంచాల మీద ఒక టీ చెంచా. కప్పులో ఎనిమిదో వంతు 30 మి.లీ., రెండు టేబుల్ చెంచాలు.

మి.లీ. నుంచి చెంచాల్లోకి వచ్చేటప్పుడు పెద్ద కొలతతో మొదలుపెట్టి మిగులును చిన్న కొలతకు అప్పగించాలి. ఒక యూరప్ పుస్తకంలో 70 మి.లీ. నూనె అని ఉందనుకుందాం. నాలుగు టేబుల్ చెంచాలకు 60 పోగా మిగిలిన 10 మి.లీ. రెండు టీ చెంచాలు. 1.2 డెసిలీటర్ల పాలు అంటే 120 మి.లీ., అర కప్పు.

గుండుగుత్త విలువలు, కచ్చితమైన విలువలు ఒకే లెక్కలో కలపకూడదు. కప్పును 236.6గా, టేబుల్ చెంచాను 15గా తీసుకుంటే కప్పుకు 15.8 చెంచాలు వచ్చి, 16 అన్న అసలు నిష్పత్తి చెడిపోతుంది. అమెరికా ప్రమాణాల్లో వంటకం పాళ్లు పెంచాలన్నా తగ్గించాలన్నా ముందు ఆ పద్ధతిలోనే 16, 3 అన్న నిష్పత్తులతో లెక్క ముగించి, చివర్లో ఒక్కసారే మిల్లీలీటర్లలోకి మార్చడం మేలు.

సంక్షేపాలూ చూసుకోవాలి. ఇంగ్లిషు వంటకాల్లో టీ చెంచాకు, టేబుల్ చెంచాకు రాసే పొట్టి రూపాల మధ్య ఒక్క అక్షరమే తేడా. ఇంకా కుదించి రాసేవారు టేబుల్ చెంచాకు పెద్ద అక్షరం, టీ చెంచాకు అదే అక్షరాన్ని చిన్నదిగా రాస్తారు. పొరబడితే పరిమాణం మూడింతలవుతుంది.

చుక్క

చుక్కను మెట్రిక్ లెక్కలో 0.05 మి.లీ.గా, అంటే మిల్లీలీటరుకు ఇరవైగా తీసుకుంటారు. ఔషధ ప్రమాణ గ్రంథాల్లోని ప్రామాణిక డ్రాపరుకు ఆధారం ఇదే: నిలువుగా పట్టుకుని సెకనుకు ఒకటి చొప్పున వదిలితే, 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇరవై నీటి చుక్కలు ఒక గ్రాము తూగాలి. నీటికి సరిపోయిన ఈ లెక్క వేరే ద్రవానికి సరిపోదు. చుక్క బరువును నిర్ణయించేవి ద్రవపు తలతన్యత, అది వేలాడే మూతి వెడల్పు. ఆల్కహాలు తలతన్యత నీటి దానిలో మూడో వంతు దరిదాపుల్లోనే ఉంటుంది. అందుకే ఆల్కహాలుతో చేసిన అర్కులు, ఎసెన్సుల చుక్కలు చిన్నవిగా పడతాయి, మిల్లీలీటరుకు ఇరవై కన్నా చాలా ఎక్కువ వస్తాయి.

ఆసుపత్రిలో సెలైన్ గొట్టాలకు మిల్లీలీటరుకు ఎన్ని చుక్కలో ఆ గొట్టం సెట్ ప్యాకెట్ మీదే ముద్రిస్తారు. పెద్ద చుక్కల సెట్లలో 10, 15 లేదా 20, సూక్ష్మ చుక్కల సెట్లలో 60 ఉంటాయి. పోలియో మందు రెండు చుక్కల మోతాదు 0.1 మి.లీ. (చూ. తలతన్యత.)

కొలిచే తీరు, దోషాలు

పరిమాణం చిన్నదయ్యే కొద్దీ అదే దోషం పెద్దదవుతుంది. లీటరులో ఒక మిల్లీలీటరు తేడా 0.1 శాతం. అయిదు మిల్లీలీటర్ల చెంచాలో అదే తేడా 20 శాతం.

చెంచా అంచు మీద నీరు కొద్దిగా ఉబ్బి నిలుస్తుంది. తలతన్యత దాన్ని ఒలికిపోనివ్వదు. ఆ ఉబ్బు చిన్న చెంచాలో గణనీయమైన భాగం. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న చెంచాలో దోషం పెరుగుతుంది, లోతుగా ఇరుకుగా ఉన్న కొలత చెంచాలో తగ్గుతుంది. గాజు కొలపాత్రలో నీటి మట్టం అంచుల దగ్గర పైకి, మధ్యలో కిందికి వంగి ఉంటుంది. పాత్రను బల్ల మీద పెట్టి, కంటిని గీత ఎత్తుకు దించి, ఆ వంపు అడుగు భాగం చూసి చదవాలి. చేత్తో ఎత్తి పట్టుకుని పైనుంచి చూస్తే అసలు కన్నా ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. తేనె, ఆముదం, బెల్లం పాకం వంటి చిక్కటి ద్రవాలు చెంచాకు అంటుకుని కొంత మిగిలిపోతాయి. చెంచాకు ముందుగా కాస్త నూనె రాస్తే తేనె జారి పడుతుంది.

ఇంట్లో ఉన్న చెంచా ఎంతో తెలుసుకోవడానికి వంటింటి డిజిటల్ కాటా చాలు. గిన్నెను కాటా మీద పెట్టి సున్నా చేసి, ఆ చెంచాతో పది చెంచాల నీళ్లు పోసి, వచ్చిన గ్రాములను పదితో భాగించాలి. 30 డిగ్రీల వద్ద మిల్లీలీటరు నీరు 0.996 గ్రాములు తూగుతుంది కాబట్టి గ్రామును మిల్లీలీటరుగానే తీసుకోవచ్చు. ఒక్క చెంచా తూచి ఊరుకుంటే చెయ్యి వణికినంత తేడా అందులోనే చేరుతుంది. పది చెంచాల సగటులో అది సర్దుకుంటుంది. గిద్ద, ఉద్ధరిణి, ఉగ్గుగిన్నె, దేనికైనా ఇదే పద్ధతి.

ఘనపరిమాణం, బరువు

మిల్లీలీటరు స్థలాన్ని కొలుస్తుంది, గ్రాము ద్రవ్యరాశిని. నీటి విషయంలో ఈ రెండూ ఇంచుమించు సమానం కావడం వల్ల అన్నిటికీ సమానమనే అపోహ పాతుకుపోయింది. పాలు మిల్లీలీటరుకు 1.03 గ్రాములు, వంటనూనెలు, కరిగిన నెయ్యి 0.91 దరిదాపుల్లో, తేనె సుమారు 1.42 గ్రాములు. కాబట్టి ఒక టేబుల్ చెంచా నూనె 14 గ్రాములకు కొద్దిగా తక్కువైతే, అంతే తేనె 21 గ్రాములు దాటుతుంది.

నూనె ప్యాకెట్ మీద లీటరు, 910 గ్రాములు అని రెండూ రాసి ఉండటానికి కారణం ఇదే. వేడికి నూనె వ్యాకోచిస్తుంది. లీటరు సోయా నూనె 21 డిగ్రీల వద్ద సుమారు 919 గ్రాములు తూగితే, 60 డిగ్రీల వద్ద సుమారు 893 గ్రాములే. కొందరు తయారీదారులు ఎక్కువ ఉష్ణోగ్రతను ప్యాకెట్ మీద వేసి, లీటరు పేరుతో తక్కువ బరువు నింపే వీలు దీనివల్ల ఏర్పడింది. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల విభాగం, ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా నికర పరిమాణాన్ని బరువుతో పాటు ముద్రించాలని వంటనూనె తయారీదారులను ఆదేశించింది.

ఆహార సలహాల్లోనూ ఈ మార్పిడి అవసరమవుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2011 మార్గదర్శకాలు నూనె, నెయ్యిలను 5 గ్రాముల వంతులుగా లెక్కించి, కూర్చుని పని చేసే పురుషుడికి రోజుకు అయిదు వంతులు, స్త్రీకి నాలుగు వంతులు సూచించాయి. అయిదు గ్రాముల నూనె అంటే సుమారు అయిదున్నర మిల్లీలీటర్లు, అంటే టీ చెంచా కన్నా కొంచెం ఎక్కువ. రోజుకు 25 గ్రాముల లెక్కన లీటరు ప్యాకెట్ ఒక మనిషికి 36 రోజులు వస్తుంది. చెంచాలు లెక్కపెట్టడం కన్నా, ఇంటికి నెలకు ఎన్ని ప్యాకెట్లు తెస్తున్నామో చూసుకోవడం తేలికైన, నమ్మదగిన కొలత.

మొక్కల మందులు

మిద్దె తోటల్లో వేపనూనెను లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున కలిపి, తొందరగా విడిపోకుండా కాస్త సబ్బు నీరు చేర్చి పిచికారీ చేస్తారు. దీనికి వాడే చెంచాను వంటింటి నుంచి శాశ్వతంగా వేరు చేయాలి. పురుగుమందుల సీసా మూతలను కొలతగా వాడటం పల్లెల్లో మామూలే అయినా, మూత ఎన్ని మిల్లీలీటర్లో అన్ని సీసాల మీదా ఉండదు. గీతలున్న కొలపాత్ర తప్పనిసరి.

మందుల మోతాదు

వంటలో పదిశాతం తేడా రుచికి సంబంధించిన విషయం. పసిబిడ్డ మందులో అది ఆరోగ్యానికి సంబంధించినది. గ్రీసులోని అట్టికా ప్రాంతపు ఇళ్లలోని చెంచాలను కొలిచి 2010లో ప్రచురించిన అధ్యయనంలో టీ చెంచాలు 2.5 నుంచి 7.3 మి.లీ. వరకు ఉన్నాయి. అంటే ఒకే పేరుతో పిలిచే రెండు చెంచాల మధ్య దాదాపు మూడింతల తేడా. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2011లో, దుకాణాల్లో నేరుగా దొరికే ద్రవ మందులతో ఇచ్చే కొలత పరికరాలపై మార్గదర్శకాలు ఇచ్చింది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2015లో మరో అడుగు వేసి, నోటి ద్వారా ఇచ్చే ద్రవ మందుల మోతాదును మిల్లీలీటర్లలోనే రాయాలని, చెంచా ప్రస్తావనే వద్దని విధాన ప్రకటన చేసింది.

మన మందుల దుకాణాల్లో పారాసిటమాల్ ద్రవం ఒక మంచి ఉదాహరణ. సిరప్ 5 మి.లీ.కి 120 మి.గ్రా. బలంతోనూ 250 మి.గ్రా. బలంతోనూ దొరుకుతుంది. పసివాళ్ల చుక్కల మందులో మిల్లీలీటరుకే 100 మి.గ్రా. ఉంటుంది. వైద్యుడు 150 మి.గ్రా. ఇవ్వమంటే మొదటి సీసాలోంచి 6.25 మి.లీ., రెండో దాంట్లోంచి 3 మి.లీ., చుక్కల మందైతే 1.5 మి.లీ. తీయాలి. ఇవేవీ చెంచా లెక్కకు లొంగవు. మూడింటిలోంచీ తలా ఒక టీ చెంచా పోస్తే లోపలికి వెళ్లేది వరసగా 120, 250, 500 మి.గ్రా. చెంచాడు మందు పట్టండి అన్న మాట అందుకే అసంపూర్ణం. సీసా మీది బలం, మిల్లీలీటర్ల సంఖ్య, రెండూ తెలిస్తేనే మోతాదు తెలిసినట్టు.

నీళ్ల విరేచనాలకు ఇచ్చే ఓఆర్‌ఎస్‌లో పొరపాటు ఇంకో వైపు నుంచి జరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం 20.5 గ్రాముల ప్యాకెట్ పూర్తి లీటరు నీటికి ఉద్దేశించినది. దాన్ని 200 మి.లీ. గ్లాసులో కలిపితే ద్రావణం అయిదింతలు చిక్కబడి, ఒంట్లో ఉప్పు ప్రమాదకరంగా పెరగవచ్చు. గ్లాసుకు సరిపడే చిన్న ప్యాకెట్లు వేరుగా దొరుకుతాయి. ప్యాకెట్ మీద ఎంత నీటికో చూసి కలపాలి. లీటరు సీసా ఇంట్లో లేకపోతే కొలత తెలిసిన 200 మి.లీ. గ్లాసుతో అయిదుసార్లు పోసుకోవచ్చు. ప్యాకెట్ దొరకని చోట లీటరు శుభ్రమైన నీటిలో మట్టంగా తీసిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలపాలని చెబుతారు. ఇక్కడ చెంచా అంటే 5 మి.లీ. కొలత చెంచా, తలగొట్టి మట్టం చేసినది. ఉప్పు కుప్పగా తీస్తే మేలుకు బదులు కీడు జరుగుతుంది.

ద్రవ మందుకు ఇంట్లో వాడదగిన పరికరాల్లో సూది లేని నోటి సిరంజి అన్నిటికన్నా కచ్చితమైనది. 1, 2.5, 5, 10 మి.లీ. సైజుల్లో దొరుకుతుంది. కొలవాల్సిన మోతాదుకు సరిపోయే వాటిలో చిన్నది ఎంచుకోవాలి, 1.5 మి.లీ.కి 10 మి.లీ. సిరంజి కన్నా 2.5 మి.లీ. సిరంజి మేలు. మందును లోపలికి లాగాక మొన పైకి పెట్టి గాలి బుడగలు తట్టి బయటికి పంపి, లోపలి ముషలకపు పై అంచు గీతతో కలిసే చోట చదవాలి. మందుతో పాటు వచ్చే మూతకప్పులో అయితే 2.5 మి.లీ. లోపు మోతాదు సరిగా కొలవడం కష్టం. ఒక మందు సీసాతో వచ్చిన డ్రాపరును మరో సీసాకు వాడకూడదు, ఎందుకంటే కొన్ని డ్రాపర్ల మీది గీతలు ఆ మందు బలాన్ని బట్టి మిల్లీగ్రాముల్లో గీసి ఉంటాయి.